సీనియారిటీ ప్రకారం ఆగ్రా యాత్ర

మొన్న ఆదివారం మా అక్క మనవరాలు మేఘన మయూర్ విహార్‌లో ఉన్న మా ఫ్లాటుకి వచ్చింది. గ్రేటర్ నోయిడాలో ఇంజినీరింగ్ చదువుతోంది. నెలకోసారి హాస్టల్ నుంచి బస్సెక్కి వచ్చి, మాసిన బట్టలు నా వాషింగ్ మెషీన్‌లో పడేసి, టమాటా పప్పు వేళ్ళు నాకుతూ తిని, సాయంత్రానికి వెళ్ళిపోవడం దాని ఆనవాయితీ. ఈసారి చేతిలో హెల్మెట్‌తో దిగింది. కాలేజీ పిల్లలు కొందరు గుంపుగా సైకిళ్ళ మీద జైపూర్ వెళుతున్నారట, ఇదీ వెళుతుందట. అది రాకముందే దాని తల్లి నాకు ఫోన్ చేసింది. "నువ్వు చెబితే వింటుంది పిన్నీ, ఎలాగైనా మాన్పించు" అంది. సైకిలు యాత్ర మాన్పించడానికి ఢిల్లీ అంతా వెతికి నన్ను పట్టుకుంది, పిచ్చిది. నా సంగతి దానికి తెలియదు, అంతే.

"మీలో ముందెవరు పోతారే?" అని అడిగాను మేఘనని. "కోయీ భీ, చిన్నమ్మమ్మా. జో థక్ గయా వో పీఛే, దూస్రా ఆగే. సింపుల్" అంది. దానికి తెలుగు ముక్క ముక్కా అర్థమవుతుంది, నోటి నుంచి మాత్రం హిందీయే వస్తుంది. అలిసినవాడు వెనక్కి, ఓపికున్నవాడు ముందుకి. ఎంత తేలిక! నాకు నవ్వు ఆగలేదు. పప్పు కలుపుతున్న చెయ్యి ఆపి అది నా మొహంలోకి చూసింది. అప్పుడు దానికి మా ఆగ్రా యాత్ర చెప్పాను. ఆ రోజు తొందరలో ఎగరగొట్టినవి కూడా కలిపి ఇక్కడ రాస్తున్నాను.

అప్పట్లో మేము సరోజినీ నగర్ గవర్నమెంట్ క్వార్టర్స్‌లో మేడ మీద ఉండేవాళ్ళం. రెండు గదులు, ఒక వంటిల్లు, వీధి వైపు బాల్కనీ. పొద్దున్నే కిందివాళ్ళు అంగీఠీ కుంపటి ముట్టిస్తే ఆ బొగ్గు పొగ మెట్లెక్కి మా వంటింట్లోకి వచ్చి, అమ్మ వేసే ఇంగువ పోపుతో కలిసిపోయేది. ఇప్పటికీ నాకు ఎక్కడ బొగ్గు పొగ తగిలినా వెనకే ఇంగువ వాసన వస్తుందేమోనని ముక్కు ఎదురు చూస్తుంది. నాన్న స్నానం చేసి, విభూతి పెట్టుకుని, ప్యాంటు కుడికాలికి ఇనప క్లిప్పు తగిలించి, సైకిలు క్యారియర్‌కి టిఫిన్ డబ్బా కట్టుకుని సెక్రటేరియట్‌కి బయల్దేరేవారు. నేను బాల్కనీలోంచి చూస్తూ ఉంటే వీధి మలుపు దాకానే ఆయన మా నాన్న. మలుపు తిరిగాక చుట్టుపక్కల క్వార్టర్లన్నిటి నుంచి వచ్చే గుమాస్తాల సైకిళ్ళలో కలిసిపోయేవారు. అందరికీ అదే క్లిప్పు, అదే డబ్బా, అదే తొమ్మిది గంటల మొహం. ఆ సమయంలో రోడ్డు సైకిళ్ళది, కార్లే పక్కకి తప్పుకునేవి. ఇప్పుడు అదే రోడ్డు మీద సైకిలు తొక్కే మనిషిని చూస్తే వీడికి బతుకు మీద ఆశ లేదేమో అనుకుంటున్నాం.

ఆదివారం సైకిలుకి తలంటు. పాత బనీను గుడ్డ, కాస్త కిరసనాయిలు, చైనుకి నూనె చుక్కలు. చువ్వ చువ్వా వేరుగా తుడిచేవారు. "ఆ సైకిలు చేసుకున్న పుణ్యం నేను చేసుకోలేదు" అని అమ్మ వంటింట్లోంచి ఎత్తిపొడిచేది. నాన్న నవ్వి ఊరుకునేవారు. ఊరుకోవడం ఆయనకి పుట్టుకతో వచ్చింది కాదట. నా చిన్నప్పుడు ఎవరో ఆఫీసరు రాసిన కాగితంలో తప్పుందని నలుగురి ముందూ అనేశారట. తప్పు ఉన్నమాట నిజమే. దాంతో నాన్నని పాత ఫైళ్ళ గదికి మార్చారు. కిటికీ లేని ఆ గదిలో ఏళ్ళ తరబడి కూర్చుని ఆయన దగ్గు తెచ్చుకున్నారు, తోటివాళ్ళు ప్రమోషన్లు తెచ్చుకున్నారు. అప్పటినుంచీ అమ్మ రోజూ డబ్బాతోపాటు ఒక మాట కూడా కట్టిచ్చేది: "మీ నోరు జాగ్రత్త."

అక్క అప్పటికే పెళ్ళయి వెళ్ళిపోయింది, ఆ ఏడు నేను హయ్యర్ సెకండరీ పరీక్షలు రాశాను. యూనివర్సిటీ పక్కనున్న కాలేజీలో ఫిజిక్స్ చదవాలని నా పట్టుదల. అది ఊరికి ఆ చివర. మా క్వార్టర్ల నుంచి యూనివర్సిటీ బస్సు ఒకటి పొద్దున్నే వెళ్ళేది, అది తప్పితే రెండు బస్సులు మారాలి. ఆ రోజుల్లో ఢిల్లీ బస్సుల్లో ఆడపిల్ల ప్రయాణం ఎలా ఉండేదో ఎక్కినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. దుపట్టాకి పెట్టుకోవాల్సిన పిన్నీసు మా చేతిలో ఉండేది. అమ్మకి ఇదంతా తెలుసు. "ఇంటి పక్కనే హోమ్ సైన్స్ కాలేజీ ఉండగా లంకకి పోయినట్టు ఆ చివరికెందుకే?" అనేది. ఆవిడ తెనాలి దగ్గర్నుంచి పెళ్ళయి వచ్చిన కొత్తలో, హిందీ రాక, కూరలవాడితో వేళ్ళు చూపించి బేరమాడిన మనిషి. ఈ ఊరంటే ఆవిడకి భయం తగ్గనే లేదు. నాకు ఆవిడ మీద కోపంగా ఉండేది. ఇప్పుడు ఆ వయసు దాటాక ఆ కోపంలో పదో వంతు కూడా మిగల్లేదు.

సరిగ్గా అప్పుడు నాన్న ఆఫీసు రిక్రియేషన్ క్లబ్బువాళ్ళు ఆగ్రాకి సైకిలు యాత్ర పెట్టారు. దగ్గరదగ్గరగా పడ్డ రెండు పండగ సెలవులు, ఒక ఆదివారం, సందులో దూర్చడానికి ఒక క్యాజువల్ లీవు. సెలవుల్ని ఇలా అతకడంలో గవర్నమెంటువాళ్ళని మించిన దర్జీలు లేరు. వెళ్ళేటప్పుడు తొక్కుకుంటూ, వచ్చేటప్పుడు సైకిళ్ళు రైల్లో వేసుకుని. పిల్లల్ని కూడా తీసుకురావచ్చన్నారు. నాన్న ఒక రోజు మజ్జిగన్నం తింటూ, తల ఎత్తకుండా, "పద్మని తీసుకెళదామనుకుంటున్నాను. రోడ్డు మీద ఎలా ఉంటుందో చూస్తే, కాలేజీ సంగతి తేల్చుకోవచ్చు" అన్నారు.

 అమ్మ కంచాలు తీశాక వచ్చి నిలబడింది.

"సరే, తీసుకెళ్ళండి. కానీ అది మీ వెనకాలే ఉండాలి. మిమ్మల్ని దాటి ముందుకి పోయిందని నాకు తెలిసిందా, ఇంకో మాట లేదు, హోమ్ సైన్సే. చెప్పిన మాట వినే పిల్లయితేనే ఊరి చివరికి పంపేది. మీరు కూడా, పై ఆఫీసరుతో పోతున్నారు, నోరు విప్పకండి. ఈ ఏడైనా ఆ ప్రమోషన్ రానివ్వండి."

మేమిద్దరం బుద్ధిగా తలలూపాం. పక్కింటి అరవవాళ్ళమ్మాయి లేడీస్ సైకిలు ఎరువు తెచ్చుకున్నాను. అమ్మ సున్నుండలు చుట్టింది, చేగోడీలు వేయించింది, మొదటి రోజుకి పులిహోర కలిపింది. ఇన్ని షరతులు పెట్టిన మనిషి, బయల్దేరే రోజు పొద్దున్న నా దుపట్టా నడుముకి ఎలా బిగించి కడితే చక్రంలో పడదో తనే కట్టి చూపించింది.

ఇండియా గేట్ దగ్గర తెల్లవారకుండానే పోగయ్యాం. ఎండలు ముదరని రోజులు. వేపచెట్లు పూతమీదున్నాయి. ముందుగా వచ్చినవాళ్ళు ముందు నిలబడలేదు, అది నాకు వింతగా తోచింది. అందరూ రోడ్డు పక్కన సైకిళ్ళు పట్టుకుని, పెళ్ళివారి కోసం ఎదురుచూసే మేళగాళ్ళలా నిలబడ్డారు. అండర్ సెక్రటరీ వెంకటాచలం గారు వచ్చారు. నెల్లూరాయన. నెత్తిన తువ్వాలు, దాని మీద టోపీ. ఆయన "చలో" అని పెడలు మీద కాలు పెట్టాక, వెనక సెక్షన్ ఆఫీసర్ భాటియా గారు కదిలారు. ఆయన వెనక అసిస్టెంట్లు, అందులో మొదట నాన్న, వాళ్ళ వెనక పెద్ద గుమాస్తాలు, వాళ్ళ వెనక చిన్న గుమాస్తాలు, అందరికన్నా చివర కొత్తగా చేరిన శర్మ. ఎవరూ ఇలా వెళ్ళమని చెప్పలేదు. సీనియారిటీ లిస్టు అందరికీ కంఠతా వచ్చు, అంతే. ఇద్దరు అసిస్టెంట్లు ఒకే రోజు ఉద్యోగంలో చేరినవాళ్ళుట. ఎవరు ముందు వెళ్ళాలో తేలక, బదర్‌పూర్ దాకా పక్కపక్కనే తొక్కారు. నేను నాన్న వెనక ఉండటం వల్ల మిగతా అసిస్టెంట్లకీ, గుమాస్తాలందరికీ సీనియర్‌ని అయిపోయాను.

వెంకటాచలం గారు మంచివారే. ఎవరినీ కసురుకోవడం నేను చూడలేదు. కానీ ఆయన తొక్కుడు మాత్రం ఫైలు నడిచినట్టే. వెన్ను నిటారుగా పెట్టి, ఖాళీ రోడ్డు మీద కూడా బెల్లు కొడుతూ, కాకిని కూడా పక్కకి తప్పుకోమని అడిగి మరీ వెళ్ళేవారు. వెనకున్నవాళ్ళు ఓపికలు ఉండీ, కాళ్ళు ఉండీ, బ్రేకులు పట్టుకుంటూ తొక్కాలి. ఫరీదాబాద్, బల్లభ్‌గఢ్, పల్వల్ అలాగే దాటాం. టీ కొట్టు దగ్గర కూడా మొదటి గ్లాసు ఆయనకి, చివరి గ్లాసు శర్మకి. శర్మకి వచ్చేసరికి టీ డికాక్షను లేని పాలయ్యేది. నాకైతే ఒళ్ళు మండిపోయేది. "నాన్నా, ఒక్కసారి ముందుకెళ్ళి వస్తాను, కాళ్ళు పట్టేస్తున్నాయి" అంటే, "అమ్మ" అనేవారు నాన్న. ఆ ఒక్క మాటతో నేను బ్రేకు పట్టుకునేదాన్ని.

రాత్రికి హోడల్‌లో ఒక స్కూలు గదుల్లో పడుకున్నాం. మర్నాడు లేచేసరికి నాన్న కుడి మోకాలు వాచింది. రోజూ ఆఫీసుకి తొక్కే దూరం వేరు, ఇది వేరు. అదీకాక సొంత వేగంతో తొక్కితే అలిసేవారు కాదు, ఇంకొకరి వేగానికి కాలు బిగబట్టి తొక్కి తొక్కి వాచింది. "బస్సులో వెళ్ళిపోదామా?" అంటే, "అందరూ ఏమనుకుంటారు?" అన్నారు. మోకాలికి తువ్వాలు గట్టిగా చుట్టుకుని ఎక్కారు.

కోసీ బజారులో గోధుమ బస్తాల ఎడ్లబళ్ళు రోడ్డుకి అడ్డంగా నిలిచిపోయాయి. వెంకటాచలం గారు బెల్లు కొట్టుకుంటూ, బళ్ళని తప్పించుకుంటూ, కుడిచేతి వైపు ఖాళీగా కనిపించిన రోడ్డులోకి తిరిగారు. భాటియా గారు తిరిగారు. అసిస్టెంట్లు తిరిగారు. అందరం తిరిగాం. ఊరు దాటాక మెల్లిగా అందరికీ అనుమానం వచ్చింది. లారీలు కనపడటం లేదు. హైవే మీద మైలురాళ్ళకి పసుపు తలలుంటాయి, ఇక్కడి రాళ్ళకి ఆకుపచ్చ తలలు. వాటి మీద మథుర లేదు, నందగావ్ అని ఉంది. చూడనివాళ్ళు లేరు. అన్నవాళ్ళు లేరు.

మొదట కదిలింది శర్మ. చివరున్నవాడు కదా, ఇంకా వెనక్కి పోయేదేముంది అనుకున్నాడో ఏమో. తన ముందున్న గుమాస్తాకి చెప్పాడు. ఆయన తన ముందాయనకి. అలా ఒక్కో సైకిలూ దాటుకుంటూ మాట నాన్న దాకా వచ్చింది. నాన్న కాస్త ముందుకి వంగి, గొంతు తగ్గించి, "సర్, యే రోడ్... శాయద్..." అని భాటియా గారితో నసిగారు, ఈ రోడ్డు బహుశా కాదేమోనని.

"సాబ్ కో పతా హోగా, మూర్తీజీ" అన్నారు భాటియా గారు వెనక్కి తిరక్కుండానే, సాబ్‌కి తెలిసే ఉంటుందని. "షార్ట్‌కట్ హోగా."

ఫైలు అక్కడ ఆగిపోయింది. పిల్లి మెడలో గంట కట్టేదెవరు? ఆఫీసులో అయితే ఒక రోజు, రెండు రోజులు ఆగినా నష్టం లేదు. ఇక్కడ ఒక్కో నిమిషం మేము మథురకి దూరమవుతున్నాం. ఎండ ఎక్కుతోంది. రెండు వైపులా కోతకొచ్చిన గోధుమ, దాని పొట్టు గాలికి వచ్చి చెమట మీద అంటుకుంటోంది. నాన్న చెయ్యి హ్యాండిల్ వదిలి, పెడలు కిందికి వెళ్ళిన ప్రతిసారీ మోకాలిని పైనుంచి నొక్కుతోంది. కాలు తనంతట తను దిగడం లేదు. ఆయన నోటి నుంచి సన్నగా గాలి వస్తోంది. అంత నొప్పిలో కూడా ఆయన భాటియా గారి వెనక చక్రానికి ఎంత దూరంలో ఉండాలో అంత దూరంలోనే ఉన్నారు. మా నాన్నకి దారి తెలుసు. తప్పు అని తెలుసు. చెప్పలేకపోతున్నారు. పాత ఫైళ్ళ గది ఆయన్ని అక్కడిదాకా వెంటాడి వచ్చిందని నాకు ఒక్కసారిగా అర్థమైంది. ఏడుపొచ్చింది. ఏడుపు కన్నా ముందు కోపమొచ్చింది.

నాన్నని దాటితే కాలేజీ పోతుంది. అది నాకు గుర్తు లేక కాదు. ఫిజిక్స్ పోతుంది, జీవితాంతం ఉప్మాలో ఎన్ని పోషకాలున్నాయో లెక్కపెడుతూ కూర్చోవాలి. అది కూడా అనుకున్నాను. ఆ చెయ్యి మళ్ళీ మోకాలి మీదికి వెళ్ళింది. నేను సీటు మీంచి లేచి తొక్కాను.

నాన్న పక్కనించి వెళుతుంటే "పద్మా!" అన్నారు. ఆగలేదు. భాటియా గారు "అరే బేటీ, కహాఁ?" అన్నారు. ఎక్కడికని. ఆయన్నీ దాటాను. రెండు రోజులుగా బ్రేకుల్లో బిగబట్టిన కాళ్ళు ఒక్కసారి వదిలేసరికి, తప్పు చేస్తున్నానని తెలిసినా, ఒంటికి హాయిగా ఉంది. వెంకటాచలం గారి పక్కకి చేరాను.

"అంకుల్, ఇది ఆగ్రా రోడ్డు కాదండీ."

ఆయన నా వైపు చూడలేదు. ఒకసారి బెల్లు కొట్టారు. ఎదురుగా ఎవరూ లేరు.

"ఎవరు చెప్పి పంపించారు?"

"ఎవరూ చెప్పలేదండీ. రాళ్ళ మీద రాసుంది."

"మీ నాయన చూళ్ళేదా రాళ్ళు?"

"మా నాన్నకి మోకాలు వాచిందండీ. ఆయన రాళ్ళు చూడట్లేదు, కాలు చూసుకుంటున్నారు."

 ఆయన మొదటిసారి నా వైపు తిరిగారు. తువ్వాలు కింద మొహం కందగడ్డలా ఉంది.

"నాకూ తెలుసమ్మాయ్. రెండో రాయి కాడే తెలిసింది. తిరగాలంటే ఆగాల. నేనాగితే అందరూ ఆగుతారు. ఆగి ఏం చెప్పేది? ఇంతమంది నన్ను నమ్మి నా వెనకే వస్తావుంటే, దారి తెలియక తీసకొచ్చానని చెప్పేదా? అదే ఆలోచన చేస్తా తొక్కతావున్నా."

నాకు ఆయన మీద ఉన్న కోపం అంతా అక్కడే చప్పబడిపోయింది. ముందున్న ఆయనదీ మా నాన్న పరిస్థితే. రోడ్డు పక్కన పొలంలో గొట్టపు బావి నీళ్ళు ధారగా పడుతున్నాయి. "అంకుల్, నాకు దాహమేస్తోంది, ఇక్కడ ఆగుదామా?" అన్నాను.

ఆయన ఆగారు. వెనక అందరూ ఆగారు. ఆయన టోపీ తీసి, తువ్వాలు తడిపి మొహం తుడుచుకుని, అందరికీ వినపడేలా హిందీలో అన్నారు. "దారి తప్పాం. తప్పింది నేను. ఈ అమ్మాయి చెప్పింది. మీలో ఒక్కరికీ తెలియలేదా?"

కుక్కిన పేనుల్లా ఉండిపోయారు అందరూ. చివరికి శర్మే, అంత దూరం నుంచి, "సర్, ఆప్ ఆగే థే" అన్నాడు. మీరు ముందున్నారు కదా అని. వెంకటాచలం గారికి ముందు నవ్వొచ్చింది. పకపకా నవ్వారు. ఆయన నవ్వాక భాటియా గారు, తర్వాత అసిస్టెంట్లు, తర్వాత గుమాస్తాలు, వరసగా నవ్వారు. నాన్న నవ్వలేదు. నీళ్ళ దగ్గర కూర్చుని మోకాలి మీద తడిగుడ్డ వేసుకుంటున్నారు.

ఇరుకు రోడ్డు. సైకిళ్ళు ఎక్కడివక్కడే వెనక్కి తిప్పేసరికి శర్మ అందరికన్నా ముందయ్యాడు. వెంకటాచలం గారు అందరికన్నా వెనక. పాపం శర్మ! రెండడుగులు తొక్కడం, వెనక్కి చూడటం. ఒకసారి దిగి నిలబడిపోయాడు కూడా, సాబ్ ముందుకొస్తారని. "చలో చలో, తుమ్ హీ చలో" అని, నువ్వే పదమని, వెనకనుంచి పెద్ద సాబ్ అరిస్తే, ఉరికి తీసుకెళుతున్నట్టు మొహం పెట్టి తొక్కాడు. కోసీ బజారు చేరాక కాసేపు అందరూ అటూ ఇటూ దారులిచ్చుకుని, మళ్ళీ సీనియారిటీ సరిచేసుకుని, అప్పుడు మథుర రోడ్డెక్కాం. మేఘనకి ఇక్కడిదాకా చెప్పేసరికి అది కుర్చీలోంచి కింద పడినంత పని చేసింది.

మథుర చేరేదాకా నాన్న నాతో మాట్లాడలేదు. నేను మళ్ళీ ఆయన వెనక్కే చేరాను. సాయంత్రం ధర్మశాల వసారాలో కూర్చుని, ఆముదం వెచ్చచేసి ఆయన మోకాలికి రాస్తుంటే, "ఏమని చెప్పావు ఆయనకి?" అని అడిగారు.

"మీ పేరు చెప్పలేదు నాన్నా. మీరు రాళ్ళు చూడలేదన్నాను."

 "చూశానమ్మా" అన్నారు. "అందరికన్నా ముందు నేనే చూశాను." ఆ తర్వాత ఆముదం చెయ్యి అలాగే పట్టుకుని వదల్లేదు. మా నాన్న నా చెయ్యి అలా పట్టుకోవడం, నాకు ఊహ తెలిశాక అదే మొదటిసారి. నాకు ఆయన మీద అప్పుడు కలిగినంత ప్రేమ మళ్ళీ ఎప్పుడూ కలగలేదేమో. ఆగ్రా కూడా చూశాం. బాగుంది. అంతకన్నా రాయడానికి నాకు గుర్తు లేదు.

"బడే నానా ఖుద్ క్యూఁ నహీ బోలే?" అని మేఘన అడిగింది. ముత్తాతగారు తనే ఎందుకు చెప్పలేదని. ఆయన మమ్మల్ని పోషించుకోవాలి కదే అన్నాను. దానికి అర్థం కాలేదు, అర్థం కాకపోవడమే మంచిది. దాని ఫోనులో దారి చెప్పే గొంతు ఒకటి ఉంది, తప్పు తిరిగితే మొహమాటం లేకుండా వెంటనే చెప్పేస్తుంది. ఆ గొంతుకి ప్రమోషన్ అక్కర్లేదు. నాన్న ప్రమోషనంటారా, అది నాలుగేళ్ళ తర్వాత, ఆయన వంతు వచ్చినప్పుడు వచ్చింది. నా వల్ల ఆలస్యమూ కాలేదు, ముందూ రాలేదు. అన్నేళ్ళ భయానికి ఏమీ ఖరీదు లేదని తెలిసినప్పుడు కూడా నాన్న ఎవరినీ ఏమీ అనలేదు. ఇప్పటి పిల్లలు మాట తొందరగా అనేస్తారని నా ఈడువాళ్ళు విసుక్కుంటారు. నేను విసుక్కోలేను. మా ఇంట్లో అనకుండా మిగిలిపోయిన మాటల బరువు ఎంతో నేను చూశాను. దాని తల్లికి ఫోన్ చేసి, "జైపూర్ పంపించు, పాడవదు" అని చెప్పేశాను.

మేము తిరిగొచ్చిన పొద్దున నిజాముద్దీన్ స్టేషన్లో సైకిళ్ళు దింపుకుని ఎవరి దారిన వాళ్ళు విడిపోయారు. నాన్నా నేనూ మిగిలాం. నేను అలవాటుగా ఆయన వెనక నిలబడ్డాను.

"నువ్వు పద ముందు" అన్నారు.

"అమ్మ బాల్కనీలోనే ఉంటుంది నాన్నా."

"తెలుసు. పద."

లోదీ రోడ్డు మీద చెట్ల నీడలో తొక్కాను. వెనక ఆయన చైను చప్పుడు వినపడుతోంది, ఒక కాలికి గట్టిగా, ఒక కాలికి మెల్లిగా. సఫ్దర్‌జంగ్ సమాధి దగ్గర ఎడమకి తిరిగాను. ఏ మలుపులోనూ ఆయన దారి చెప్పలేదు. క్వార్టర్లు దగ్గరపడ్డాయి. ఈ మలుపు తిరిగితే అమ్మ చూస్తుంది. చూస్తే అయిపోయింది.

అమ్మ చూసింది. మేము సైకిళ్ళు మెట్ల కింద పెట్టేలోపు కిందికి దిగి వచ్చింది. తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ నన్ను చూసింది, నాన్నని చూసింది, ఆయన కుంటడం చూసింది.

"ఇదేంటండీ, అది ముందూ, మీరు వెనకా? ఏమని చెప్పాను నేను?"

"దారంతా నా వెనకే వచ్చింది" అన్నారు నాన్న. "ఒక్కసారి దాటింది. పెద్దాఫీసరు దారి తప్పాడు, వెనక మేమంతా తప్పాం. వెళ్ళి ఆయనకి చెప్పింది."

అమ్మ చేతులు తుడుచుకోవడం ఆపేసింది. "మీరేమైనా అన్నారా ఆయన్ని?"

"లేదే. నేనేం అనలేదు. అనలేకపోయాను. ఇది అంది." ఆయన మెట్టు మీద కూర్చుని ప్యాంటు క్లిప్పు తీసుకున్నారు. "నాలాగా తయారవకుండా ఉండాలంటే, దీన్ని వెళ్ళనిద్దామే."

కింది వాటావాళ్ళ రేడియోలో వార్తలు వస్తున్నాయి. అమ్మ ఆయన పక్కనే వంగి, వాచిన మోకాలిని వేలితో నొక్కి చూసింది. ఏం మాట్లాడుతుందోనని నేను సైకిలు హ్యాండిల్ పట్టుకుని నిలబడ్డాను. నా వైపు చూడకుండానే అడిగింది.

"ఆ యూనివర్సిటీ బస్సు పొద్దున్న ఎన్నింటికిట? డబ్బా ఎన్నింటికల్లా కట్టాలి నీకు?"